మినహాయింపులు

మార్చి నెలాఖరు. లింగిశెట్టి వీధి, మూడో అంతస్తు.
ఫ్యాను గాలికి కొటేషన్లు ఎగరకుండా
వాటి మీద నా టిఫిన్ డబ్బా.
ఐదు కంపెనీలు, ఒకటే ఫ్యాక్టరీ.
పక్కవాడి రేటెంతని ప్రతివాళ్ళూ నన్నే అడుగుతారు.
చెప్పకూడదు. చెప్పను. దగ్గుతాను.
ఆ దగ్గు పొడుగుని బట్టి
ఇంకో నాలుగు శాతం తెగుతుంది.
"ఈ రేటుకి మాకు మునకేనని తెలుసు సార్,
కానీ నెల మూసేయాలిగా" అంటుంది
బొంబాయి నుంచి ఒక అలిసిన గొంతు.

ఫ్యాక్టరీ అంబత్తూరు ఎస్టేటులో.
తిరునావుక్కరసుగారి రబ్బరు గాస్కెట్లు,
ఎనిమిది ప్రెస్సులు, నలభై ఇద్దరు మనుషులు,
గేటు పక్కన ఏ కాలంలోనూ ఎండని మురుగుకాల్వ.
పదకొండేళ్ళుగా ఆయన ఫైరు పాలసీ నా చేతిమీదుగానే.
వెళ్ళినప్పుడల్లా గోడకి ఆనుకుని నిలబడి చూసుకునేవాణ్ణి:
రెండువేల పదిహేను నాటి నీటి మరక
నా నడుముకి నాలుగు వేళ్ళు పైన.
రెండుసార్లు సున్నం వేయించారు.
అయినా కనిపిస్తుంది, చూడటం తెలిసినవాడికి.

ఈ ఏడు ఇళవళగన్ అని ఒక కుర్రాడొచ్చాడు.
మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోను,
నలభై సెకన్లలో కొటేషను.
నాది లక్షా ఎనభై నాలుగు వేలు.
అతనిది లక్షా ముప్పై ఒకటి.
"మీకన్నా మంచి మినహాయింపు ఇచ్చాడండీ"
అన్నారు తిరునావుక్కరసుగారు, తనకొచ్చిన పెరంబూరు తెలుగులో,
నొచ్చుకుంటూ, నాకు రెండో కాఫీ పోయిస్తూ.

మా వ్యాపారంలో ఆ మాటకి రెండు మొహాలు.
ధరలో ఇస్తే తగ్గింపు.
పాలసీలో ఇస్తే గొయ్యి.
ఏడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో
తుఫాను, వరద, ముంపు,
మూడూ లేవు.
వేలు పెట్టి చూపించాను.
ఆయన వేలు లక్షా ముప్పై ఒకటి మీంచి కదల్లేదు.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి.
ఆ రాత్రి నేనూ లెక్కేశాను.
వరద తీసేస్తే నాది లక్షా ఇరవై ఆరు.
ప్రింటు కూడా తీశాను.
పంపలేదు. మంచితనం కాదు,
అప్పటికే పదకొండు దాటింది, పొద్దున పంపుదామనుకున్నా.
పొద్దున్నే ఆయన చెక్కు రాసిచ్చేశారు.

నవంబరులో కొరట్టూరు చెరువు
తనకొక ఎస్టేటు ఉండేదని గుర్తు తెచ్చుకుంది.
నాలుగింటికి ఫోను.
తిడతారనుకున్నా. "ఒకసారి వస్తారా,
చదివి పెట్టాలి" అన్నారంతే.

మోకాళ్ళ లోతున నడిచి వెళ్ళాను.
అట్టపెట్టెలు నాని విచ్చుకుని
కాళ్ళకింద గాస్కెట్లు, మాడిన గారెల్లా.
కరెంటు లేదు. మెట్ల మీద
ప్యాంటు మడిచి, చెప్పులు చంకలో పెట్టుకుని
ఇళవళగన్, నాకన్నా ముందే.
"ఆ కంపెనీలో లేనండీ ఇప్పుడు.
నెలకి ముప్పై పాలసీలన్నారు,
ఇరవై ఎనిమిది చేశాను."
ఇంకెక్కడో చేరాడు. అయినా వచ్చాడు.
తన ఫోను టార్చి వేసి పట్టుకున్నాడు,
ఏడో పేజీ నేను పైకి చదివాను.
అతని చెయ్యి వణికితే అక్షరాలూ వణికాయి.

తిరునావుక్కరసుగారు విన్నారు.
ఇంకోసారి చదవమన్నారు.
తర్వాత గోడ వైపు చూశారు. కొత్త గీత
పాతదానికి జానెడు కింద.
"సరే, వచ్చే ఏటికి
వరద కూడా కలిపితే ఎంతవుతుంది?"

ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం.
ఇద్దరం ఆగాం.
ఆ చీకట్లో, ఆ నీళ్ళలో,
మా ఇద్దరిలో ఎవరో దగ్గారు.