చాయ్ అంటే కూర

బొగ్గు ఓడ దిగిన వంటవాడు
ముత్తుకూరు మార్కెట్లో నా పక్కన నిలబడి
చీటీ చదువుతున్నాడు.
ఓడలకు సరుకేసే కొట్లో గుమాస్తాను నేను,
అతను పలికింది పలికినట్టు తెలుగులో రాసుకోవటం నా పని.

పెచాయ్. కించాయ్. కుచాయ్.

గోనెపట్ట మీదనించి చెంగమ్మ కేకేసింది:
"ఒరే మస్తానూ, మూడు టీలు పట్రా!
వచ్చిన కాణ్ణించీ చాయ్ చాయ్ అని మొత్తుకుంటుండాడు పాపం."

టీలొచ్చే లోపల అతనే గంపలు వెతుక్కున్నాడు.
మూరెడు అలసందకాయ పైకెత్తి,
తిరనాళ్లలో తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు
"సితావ్!" అన్నాడు.
"అలసంద."
"సితావ్."
"అలసందయ్యా, కిలో నలభై."
ఇద్దరి మధ్యా కాయ ఊగింది
ఏ పేరుకీ పలక్కుండా.

పెసల మీద వేలు పెట్టి
మెల్లగా పైకి వంచి లేపాడు: "తోగే."
"తోకే మరి! మొలకొస్తే తోకే గదా" అంది చెంగమ్మ.
నేను రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

ఎవరి మాటలివి అని అడిగితే
గుండె మీద చెయ్యేసుకున్నాడు.
"మావి. మా అమ్మమ్మ పెరట్లోవి."

వెనక ఎవరో నవ్వారు.
ఇంజన్ల వేడిలో నలభై ఏళ్లు ఉడికిన
పినాంగు ముసలాయన, ఇంట్లో హొక్కియన్ మాట్లాడేవాడు.
"చాయ్ అంటే కూర. తావ్ అంటే చిక్కుడు. గే అంటే మొలక.
మావాళ్లు పడవలెక్కి అటు పోయినప్పుడు
విత్తనాల మూటలో ఇవి కూడా పోయాయి."

వంటవాడు గుండె మీద చెయ్యి తియ్యలేదు.
"మావే" అన్నాడు మళ్లీ, కాస్త తగ్గి.

నేనూ ఒక మాట అందామనుకున్నా:
మిరపకాయ కూడా ఎక్కణ్ణించో ఓడెక్కి వచ్చిందేనని.
చెంగమ్మ చేతిలో త్రాసుంది. ఊరుకున్నా.

టీలొచ్చాయి. తన గ్లాసు ముసలాయనకిచ్చింది చెంగమ్మ.
ఆయన ఆవిరి పీల్చి "టే" అన్నాడు.
"టీ" అని దిద్దింది.
"టే. అది కూడా మా మాటే."
చెంగమ్మ ఆయన్ని కాళ్లనించి తలదాకా చూసి
"మాట నీదే కానీయ్ లే,
డబ్బులు మాత్రం మస్తానుకియ్యి, ముప్పై" అంది.

రాత్రి కొట్లో చిట్టా రాశాను:
పెచాయ్ దొరకలేదు, బదులు క్యాబేజీ.
కుచాయ్‌కి ఉల్లికాడలు. కించాయ్‌కి కొత్తిమీర, ఒప్పుకున్నాడు.
సితావ్ ఆరు కిలోలు.
తోగే:
చెంగమ్మ పెసలు నానేసింది,
ఎల్లుండికి తోకలొస్తాయి.