పోసిన చెయ్యి

రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది నా పని.
తాగినవాళ్లను వాళ్ల కార్లలోనే ఇంటికి చేర్చడం.
వెనక మా చిన్న కారులో తొకుజి వస్తాడు,
నన్ను మళ్లీ ఎక్కించుకోవడానికి.
ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు.

ఎవరి కారెక్కినా ముందు సీటు జరుపుతాను.
నా కాళ్లు పొట్టివి.
దిగేటప్పుడు వెనక్కి, వాళ్ల కొలతకి.
పొద్దున ఎక్కినవాడికి
రాత్రి ఇంకొకరు నడిపిన ఆనవాలు తగలకూడదు.
అద్దం మాత్రం అప్పుడప్పుడు మర్చిపోతాను.

ఇవాళ అవొమొరిలో మంచు తెరిపివ్వలేదు.
వైపర్లు పైకెత్తి నిలబెట్టిన కార్లు
బారు ముందు వరసగా, మీసాలున్న మిడతల్లా.
లోపల గొడవ.
ఆపిల్ గోదాములో పెట్టెలు మోసే రిహితో,
పంతొమ్మిదేళ్లవాడు, చెవులు ఎర్రబడి అడుగుతున్నాడు:
"ఓటేశాను. కారు అప్పుకి సంతకం పెట్టాను.
రేపు పెళ్లి చేసుకున్నా ఆపేవాడు లేడు.
ఒక్క గ్లాసుకి మాత్రం చంటిపిల్లాణ్ణా?"

ఈ దేశంలో మైనారిటీ పద్దెనిమిదికే తీరుతుంది.
దాహం తీరాలంటే ఇరవై నిండాలి.
నడుమ ఆ రెండేళ్లూ
చల్లటి టీ తాగుతూ పెద్దల జోకులకి నవ్వాలి,
చివర్న వాళ్ల తాళాలు అందుకోవాలి.

హత్సుయె సీసా కదపలేదు.
"పుట్టినరోజెప్పుడు?"
"మార్చిలో."
"మార్చిలో రా. మొదటిది నా లెక్కలో."
పక్కన గోదాము మేస్త్రీ, గుడ్లు తేలేసి,
"ఒక్క చుక్కేగా, పొయ్యవమ్మా, చస్తాడా ఏమన్నా?"

గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటున్నదాన్ని
అలాగే ఆగిపోయాను.

పదకొండేళ్ల కిందట నాకూ ఒక కౌంటరుండేది.
ఇక్కడ ఎవరి గ్లాసులో వాళ్లు పోసుకోరు.
ఎదుటివాడి గ్లాసు ఖాళీగా కనిపిస్తే
ఆ తప్పు నీది.
వడ్రంగి ఇసోబె లేచి కోటు తొడుక్కున్నాడు,
జేబులో తాళాలు గలగలమన్నాయి, నేను విన్నాను.
విని కూడా
"దారికి ఒకటి" అని నింపాను.
మర్యాద తెలిసినదాన్ని.

తెల్లారుజామున కువానో గారు
సైకిలు మీద పేపర్లు వేస్తోంది.
ఇంకా పద్దెనిమిది ఇళ్లు మిగిలాయట.
ఆ అంకె కోర్టులో చదివారు.

తాగిన నోటికి జైలు.
పక్క సీట్లో గురకపెట్టిన స్నేహితుడికి జరిమానా.
ఆ తర్వాత జడ్జి కాగితం తిప్పి, నెమ్మదిగా,
పోసినదెవరు, అన్నారు.
నా కుడిచెయ్యి దానంతటది లేచింది,
బళ్లో పిల్ల హాజరు పలికినట్టు.
బారు పోయింది. లైసెన్సు పోయింది.
చెయ్యి కడుక్కుందామంటే
ఏ నీళ్లు పట్టుకున్నా ఒంపిన చప్పుడే.

మేస్త్రీ కారులో హీటరు వాసన, ఎండు చేప వాసన.
"ఎన్నాళ్లుగా ఈ పని?"
"నాలుగేళ్లు."
"అంతకుముందు?"
"పోసేదాన్ని."
పెద్ద హాస్యం విన్నట్టు నవ్వి,
అద్దానికి తలానించి నిద్రపోయాడు.

కువానో గారి మలుపు దగ్గర వేగం తగ్గిస్తాను.
ఎందుకని తొకుజి ఏనాడూ అడగలేదు.
వెనక అతని లైట్లు కూడా తగ్గుతాయి.
మా వెనక ఇవాళ ఇంకో జత లైట్లు,
రిహితోవి. తాగని కారు.
హారన్ కొట్టాడు. కొట్టనీ,
వాడికి మార్చి దాకా కోపముంటుంది.

మేస్త్రీ డబ్బులతో పాటు
వెచ్చటి సాకే డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు,
వద్దంటే వినడు.
మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక
అలాంటివి పద్నాలుగున్నాయి,
పారబొయ్యడానికి కూడా
ఒంపాలి కదా.

సీటు వెనక్కి జరిపాను.
ఇవాళ అద్దం కూడా గుర్తుంది.