పచ్చి ఒళ్ళు

పంటు దాటి గుడ్లు వచ్చేసరికి పదకొండవుతుంది.
ట్రేకి ముప్పై. రెండో మూడో చిట్లుతాయి.
వాటిని రాయడానికి వేరే గడి ఉంది.
పగిలిన గుడ్డుకి గడి ఉంది.

మా లంకలో అర్హులు నలభై మూడు మంది.
గర్భిణులు తొమ్మిది, బాలింతలు ఆరు, మిగతాది పిల్లలు.
ఆరు నెలలు నిండనివాళ్ళు తల్లి పేరు కిందే ఉంటారు,
వాళ్ళ తిండి ఆవిడ ఒంట్లోంచే రావాలి గనక.
ఆరేళ్ళు నిండితే ఇక బడి పాలు.

చెరువు కాపలా వాళ్ళ బుడ్డోడికి మొన్న మంగళవారం నిండాయి.
ఇంకా పళ్ళెం పట్టుకొచ్చి గుమ్మంలో కూచుంటాడు.
వాడి పుట్టినరోజు నేనే రాశాను.
"వరదొచ్చిన ఏడు, నీళ్ళు తీసిన నాలుగో రోజు" అందమ్మ, అంతే.
ఇంకో నెల ఆగి పుట్టించాల్సింది నేను.

ఒడిశా నుంచి రొయ్యల చెరువు మీదకొచ్చిన ఝిలిని
ఎన్నో నెలని అడిగితే అరచెయ్యి చాపింది, అయిదు.
కార్డు వాళ్ళ ఊళ్ళో ఉంది, కడుపు ఇక్కడుంది.
ఫోనుకి మొహం చూపించమంటే నవ్వేసింది.
నవ్విన మొహాన్ని ఫోను ఒప్పుకోదు.
పేరు ఎక్కేసరికి పన్నెండు రోజులు.

అదైనా నా చేతిలో పనే.

వీరవేణి అమలాపురం ఆస్పత్రిలో ఏడో నెలకే కన్నది.
ఎనిమిదో రోజు ఉత్త చేతులతో పంటు దిగింది.
తొమ్మిదో రోజు నెల సరుకొచ్చింది:
బియ్యం, పప్పు, నూనె, పాల పాకెట్లు, గుడ్లు.
బాలింతల పేజీలో ఆమెది నాలుగో వరుస.
పేరు పక్కన బిడ్డ బరువు రాయాలి.
ఖాళీగా వదిలితే ఫోను ముందుకి పోనివ్వదు.
సున్నా కొట్టాను.
తప్పు, సరిచూసుకోండి, అంది.

సూపర్‌వైజరు గారు చాలాసేపు మాట్లాడలేదు.
వెనకాల ఏదో బస్సు హారను.
"రూల్లో ఏముందో కనుక్కుని చెబుతానమ్మా."
మంచి మనిషే. ఇంకా కనుక్కుంటోంది.

మా ఆయా రూతమ్మ పొయ్యి ఊదుతూ
తలెత్తకుండానే అంది:
"పచ్చి ఒళ్ళమ్మా అది.
పిల్ల పోతే పురుడు పోద్దా?
జాకెట్టు తడిసిపోతంటే కొంగు అడ్డమెట్టుకుని తిరుగుతంది.
ఆ పాలకేం తెలుసు, తాగేవోళ్ళు లేరని?"

బాలింత.
ఇన్నేళ్ళు రాసిన మాటని ఆ పూట విడదీసి చూశాను.
బాల ఒకటి, ఇంతి ఒకటి, నాకలా వినపడింది.
రెండోది బతికే ఉంది.

సాయంత్రం సంచి భుజానేసుకుని గట్టు మీంచి వెళ్ళాను.
చూరుకి ఎండు పాలసొర వేలాడుతోంది,
పాలు పడతాయని అత్త ముందే కొన్నది.
ఎవరూ తియ్యలేదు, పిల్లి కూడా.
వీరవేణి సంచి వంక చూసి
"నాకింకా వస్తాయా?" అంది.
"వస్తాయి" అన్నాను.
ఎవరినడిగి అన్నానో నాకే తెలీదు.

నాలుగో వరుసలో వేలిముద్ర వేయించాను.
వేలు తడిగా ఉంది.
సిరా పక్క గడిలోకి కాస్త పాకింది.