ముద్దు అందే ఎత్తు

షెఫీల్డ్‌లో మా వీధి
గోడకి నిచ్చెన వేసినట్టుంటుంది.
ఎక్కేటప్పుడు ప్రామ్ నన్ను వెనక్కి నెడుతుంది,
దిగేటప్పుడు ఈడ్చుకుపోతుంది.
మూడో వారానికే దాన్ని మెట్ల కింద పెట్టి
గొళ్ళెం వేశాం.

గురువారాలు, చాపెల్ పక్క హాల్లో
గుడ్డలు అరువిస్తారు,
పుస్తకాలిచ్చినట్టే, కార్డు మీద తేదీ రాసి.
గ్లెనిస్ అనే పెద్దావిడ
ఇసుక నింపిన బొమ్మను నా చేతుల్లో పెట్టి
"ముందు దీన్ని పడెయ్, పర్లేదు," అంది.
పడేశాను.
రెండుసార్లు.
బుట్టలోంచి మేదిని
ఇన్విజిలేటర్‌లా చూస్తూనే ఉంది.

ఐదు గజాల గుడ్డ.
నడిమధ్యన చిన్న గుర్తు, అది రొమ్ముల మీదికి రావాలి.
కొసలు వీపున ఒకదాన్నొకటి దాటాలి,
భుజాలెక్కి దిగాలి,
పిల్ల కింద మళ్ళీ కలవాలి.
నా పెళ్ళి చీర కట్టింది
పార్లర్ అమ్మాయి, ముప్పైయారు పిన్నులతో.
కుచ్చిళ్ళు నాకెప్పుడూ కుదిరి చావలేదు.
బిగిస్తే ఊపిరాడదేమో,
వదిలితే జారుతుందేమో.
నాలోని ఇంజినీరు లెక్క వేస్తోంది:
నాలుగు కిలోల మూడొందల గ్రాములు,
కదిలే భారం,
ముడి ఒక్కటే.

పక్కన ఫోలషాదే నడుం వంచి
పిల్లాణ్ణి వీపు మీదికి విసిరినట్టే వేసుకుంది.
రెండు దులుపులు, ఒక బిగింపు.
వాడు నిద్ర కూడా లేవలేదు.
"ఎవరు నేర్పారు?"
"నేర్పడమేంటి, నేనూ ఇలాంటి వీపు మీదే ఉన్నానుగా!"

అప్పుడు గుర్తొచ్చింది
కోకాపేట సైటు, పద్నాలుగో అంతస్తు.
సెంట్రింగ్ కర్రల మధ్య పాత చీర ఉయ్యాల,
అంచు దాటి బయటికి ఒక పాదం,
సిమెంటు రంగులో.
పచ్చ హెల్మెట్టు పెట్టుకుని నేను
"ఇక్కడ కుదరదమ్మా, రూలు," అన్నాను.
ఆ మాట తప్పు కాదు. ఇప్పుడైనా అంటాను.
ఆమె నన్ను చూడనైనా చూడలేదు.
ఉయ్యాల విప్పింది.
అదే చీర, నేను ఫైలు మూసేలోపు,
ఆమె వీపు మీద బిడ్డయింది.
తట్ట నెత్తికెత్తుకుని మెట్లెక్కిపోయింది.
ముడి ఏ భుజం మీద వేసిందో
నేను గమనించలేదు.
హాజరు పట్టీలో పేరు ఉండే ఉంటుంది,
నా సంతకానికి పైన ఎక్కడో.

"బిగించు," అంటోంది గ్లెనిస్.
"వదులైతేనే పిల్ల వెన్ను కూలబడేది.
మోకాళ్ళు కప్పలా పైకి.
గడ్డం కింద రెండు వేళ్ళ సందు.
తల వంచితే ముద్దు అందాలి, అదీ ఎత్తు.
ఊఁ, ఇప్పుడు నీ పిల్లని తీసుకో."

మేదిని ఏడ్చింది,
నా మెడలోకి, జుట్టులోకి, గుడ్డ మడతల్లోకి.
నడవమన్నారు.
మడత కుర్చీల వెంట, టీ కెటిల్ దాటి,
పియానో చుట్టూ.
ఏడో చుట్టో ఎనిమిదో చుట్టో
ఉన్నట్టుండి బరువు దిగబడింది.
నిద్రపోయిన పిల్ల ఇంత బరువెక్కుతుందని
అప్పుడే తెలిసింది.

ఆరు వారాల తర్వాత
నా రెండు చేతులూ నాకు తిరిగొచ్చాయి.
ఇంటికొచ్చి వాటితో ఏం చెయ్యాలో తోచక
గోళ్ళు కత్తిరించుకున్నాను,
ఉత్తరాల కవర్లు చింపాను,
ఎండిన బట్టలు మడతపెట్టాను.

నాలుగింటికే చీకటి పడింది.
ఉలిక్కిపడి తొట్టి చూశాను. ఖాళీ.
పై గదిలో మంచం. ఖాళీ.
"సుధీంద్రా, పిల్లేదీ?" కేక పెట్టాను.
అతను వంటింట్లోంచి వచ్చి,
నన్ను ఎగాదిగా చూసి,
మాట్లాడకుండా తన చంక తట్టుకున్నాడు.
సామెత పైకి అననక్కర్లేదు,
ఇద్దరం ఒకే భాషలో పెరిగాం.

తల వంచాను.
మాడు మీద పాల వాసన.
అందింది.

కార్డు మీద తేదీ పద్నాలుగు.
ఇంకో రెండు వారాలు పొడిగిస్తారేమో
అడగాలి.