ఎర్ర లైటు

గ్రిమ్స్‌బీలో, పబ్బు మేడమీద గదిలో
నా పని ఒక్కటే:
ఏడో నిమిషానికి ఎర్ర లైటు వెయ్యడం.
ఇక దిగమని దానర్థం.

మరియన్ థాక్రే మొదటిసారి
చేపల ఫ్యాక్టరీ బూట్లతోనే స్టేజీ ఎక్కింది.
హాడక్ తల నరికేటప్పుడల్లా
సూపర్‌వైజర్ మొహం తలుచుకుంటానంది.
ముందు వరసలో వాడే ఉన్నాడు.
బీరు ముక్కులోకెక్కి దగ్గాడు, చప్పట్లు కొట్టాడు,
సోమవారం పనిలోంచి తీసేశాడు.

నవ్వు నాలుగు విధాల చేటని
మా నాయనమ్మ సామెత చెప్పాను.
"మిగతా మూడూ ఎక్కడ దొరుకుతాయి?" అంది.

తర్వాత టీవీలో నర్సయింది.
పదకొండేళ్లు, ఒకటే డైలాగు:
"డాక్టర్ గారు వస్తున్నారు."
బస్టాపులో ముసలాళ్లు మోకాళ్లు చూపించేవాళ్లు.
చూసేది. నిజంగానే, వంగి.
ఒక సినిమా కూడా చేసింది, రెండుసార్లు వెళ్లాను.
తలుపు తీసే చెయ్యి ఆమెదే,
ఉంగరాన్ని బట్టి పోల్చుకున్నాను.

సీరియల్లో ఆమెను లారీ కింద పడేసిన వారం
మళ్లీ మా మెట్లెక్కింది.
పద్నాలుగు మంది. బయట వాన.
మొదటి జోకు పేలలేదు. రెండోదీ.
మైకు స్టాండు కొంచెం దించుకుంది,
మా వైపు కాకుండా తలుపు వైపు చూసి
"డాక్టర్ గారు రావట్లేదు" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు.
ఆ తర్వాత గదంతా అంటుకుంది.

ఏడో నిమిషం పోయింది. పన్నెండోదీ పోయింది.
నా వేలు స్విచ్చి మీదే ఉంది.

బల్బు మాడిపోయిందని
పొద్దున్నే ఓనరుకు చెప్పుకోవాలి.