పదకొండో పేరా

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా.
రేకుల షెడ్డు. ఏసీ ఉన్నది, కార్ల కోసం.
పొద్దుగాల ఆరింటికే తెల్ల లాండ్‌క్రూజర్ ఒకటి
ఒంటి నిండ నురగతోటి నా ముందర నిలబడుతది.
కనబడని అంగీ తొడుగుడు నా పని.

ఎంత పల్చటి అంగీ?
హైతమ్ చెప్పిండు. ఖార్తూమ్‌ల కెమిస్ట్రీ చదివినోడు,
ఇక్కడ మా డబ్బాల లెక్క రాస్తడు.
"గోరు చూడు" అన్నడు.
చూసిన. నల్లటి అంచు, పగిలిన మూల.
"ఒకటి అనేలోపు అది ఒక నానోమీటరు పెరుగుతది."
ఒకటి, అన్న. రెండు, అన్న.
మూడు అనేసరికి నవ్వొచ్చింది.
రెండేండ్ల వీసా మొత్తం నా వేళ్ల కొసన్నే
పెరుగుతున్నదని అప్పటిదాక ఎరుక లేదు.

మీటరును నూరు కోట్ల ముక్కలు కోస్తే అండ్ల ఒక ముక్క.
దినుసు అదే, పేరు అదే,
చిన్నగైన కొద్దీ గుణం మారుతదట.
సూక్‌ల అద్దాల వెనక పచ్చగ మెరిసే బంగారాన్ని
అంత సన్నగ చేసి నీళ్లల్ల కలిపితే
దానిమ్మ రసం లెక్క ఎర్రగైతదట.
మా కంసాలి మల్లోజుకు ఫోన్ల చెప్పిన.
"ఎర్రగుంటే రాగి. నిన్నెవడో ముంచిండు" అన్నడు.

మంచి ఉన్నది, అబద్ధమాడ.
నీళ్లు పోస్తే బానెట్ మీద
చామాకు మీద లెక్క చుక్కలు ఉరుకుతయి.
ఎడారిల పరిచిన సోలార్ పలకలకు ఇసొంటిదే పూస్తే
కడిగే నీళ్లు మిగులుతయట.
మేం తాగేది గూడ సముద్రమే,
ఉప్పును గడప బయట నిలబెట్టిన పొర పుణ్యాన.
హైతమ్ చెల్లెకు గడ్డ లేస్తే
మందు సన్నటి కొవ్వు బుడగల కూసొని పోయిందట,
గుండెను తక్కువ సతాయించిందట.
ఆ ముచ్చట చెప్పేటప్పుడు వాడు డబ్బాలు లెక్కపెట్టుడు ఆపిండు.

నాదో? బట్టతోటి పూస్తే ఫికర్ లేదు.
స్ప్రే కొడితే మంచు.
తలుపు సందుల ఎండ పడితే దుమ్ము కనబడుతది.
ఇది ఆ ఎండల గూడ కనబడది.

ఇంటికాడ నా పెండ్లాం రాజవ్వ బీడీలు చేస్తది.
తంబాకు దుమ్ముకు తుమ్ముతది.
తుమ్మంటే కాపలా కుక్క, దొంగొస్తే మొరుగుతది.
దీనికి కుక్క లేవదు.
ఊపిరితిత్తుల ఆఖరి అర్ర దాక పోతదట,
అక్కడికెళ్లి నెత్తుట్లకు.
"కొన్ని పోవచ్చు" అన్నడు హైతమ్,
"ఎలుకల మీద చూసిండ్రు. మనుషుల మీద ఇంక చూస్తున్నరు."
"యాడ చూస్తున్నరు?"
వాడు నా దిక్కు చూసిండు.

డబ్బాతోటి ఒక కాయితం వస్తది.
మొన్న శుక్రవారం చదివించుకున్న.
అగ్గంటుకుంటే ఏం చెయ్యాల్నో ఉన్నది.
కండ్లల్ల పడితే పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టాలె.
పదకొండో పేరా, విషం సంగతి:
పీలిస్తే, సమాచారం లేదు.
చాన్నాళ్లు పీలిస్తే, సమాచారం లేదు.
కడుపుల పిల్లలకు, సమాచారం లేదు.
"లేదంటే మంచిదేనా?"
"లేదంటే ఎవలూ అడగలేదు."

రెండు దిర్హమ్‌లు పెట్టి నోటుబుక్కు కొన్న.
తారీకు. కార్లెన్ని. తలుపు తీసున్నదా, మూసున్నదా.
రాత్రి దగ్గు ఎన్నిసార్లు.
ఫిల్టరున్న మాస్కు అడిగితే
సూపర్‌వైజర్ "వచ్చే నెల" అన్నడు. అదీ రాసిన.
పక్క మంచం నేపాలీ పిల్లగాడు లాక్పా
ముందు నవ్విండు,
రెండు దినాలకు "నాది గూడ రాయి" అన్నడు.

ఇయ్యాల:
ఏడు కార్లు. బయట ఇసుక గాలి, తలుపు మూసే ఉన్నది.
దగ్గు నాకు రెండుసార్లు.
లాక్పా పండుకున్నడు, రేపు అడగాలె.