ఫోలియో నూట పదిహేడు

కళ్యాణదుర్గం దాటి రాయదుర్గం పోయే దారిలో
శెనక్కాయల కంపెనీ షెడ్డు.
రికార్డులో నాలుగువందల పన్నెండు మంది యజమానులు,
రేకుల కింద అరవై మంది.
కోరం సరిపోయిందని మినిట్స్ బుక్కులో రాసుకున్నాను.

నేను ఆడిటరు గుమాస్తాను.
అనంతపురంలో ఏడింటి బస్సెక్కి
ఒళ్లో లెడ్జర్లు పెట్టుకుని వచ్చినోణ్ణి.
ముక్కు నిండా తొక్కల దుమ్ము.
గొంతు సవరించుకుని చదివాను:
వాటా మూలధనం నాలుగు లక్షల పన్నెండు వేలు.
మొదటి మూడేళ్ల లాభంలో పంచకుండా దాచింది లక్షా తొంభై వేలు.
తర్వాతి రెండేళ్ల నష్టం
రెండు లక్షల ముప్పై ఒక్క వేలు.
ఆ చివరిది కాస్త తొందరగా చదివాను.

వెనక వరసలోంచి ఓబులమ్మ లేచింది.
వంద షేర్లు, ఒక్కోటి పది రూపాయలు.
"అవన్నీ ఉండనీ అబ్బీ,
నా వెయ్యి రూపాయలు యాడుండాయి?
ఆ బీరువాలోనా?"

బీరువాలో లేవమ్మా.
అందులో ఉన్నవి రెండు రబ్బరు స్టాంపులు,
సగం అయిపోయిన అగరబత్తి పొట్లం.
నీ వెయ్యి
కాయలొలిచే మిషన్లో ఒక పన్నై తిరుగుతోంది,
ఈ నెత్తి మీది రేకులో మూరెడై కాలుతోంది,
గుత్తి వ్యాపారి ఇంకా కట్టని బాకీలో
ఏదో మూల కూచోనుంది.
పుస్తకంలో ఎడంపక్క దాని పేరుంది,
కుడిపక్క దాని ఒళ్లుంది.

"తీసి ఇమ్మంటే?"
తీయలేమమ్మా. ఇంకో సభ్యుడికి అమ్ముకోవచ్చు.
"ఎంతకి?"
కాగితం అంచున లెక్క కట్టాను.
ఉన్నవన్నీ కూడి, అప్పులన్నీ తీసి,
మిగిలిందాన్ని నాలుగువందల పన్నెండు చేసి చూస్తే
తొమ్మిదివందల రూపాయల నలభై ఎనిమిది పైసలు.

"నూరు ఎవురు తినిరి?"

ఛైర్మన్ ఫకీరప్ప నేల చూశాడు.
పాపం, ఆయన తినలేదు.
ఓచర్లన్నీ నేనే తిప్పాను,
ప్రతిదాని కిందా ఒక సంతకముంది.
ఊడలు దిగే వేళకి రెండేళ్లూ మొహం చాటేసిన వాన
ఏ ఓచరూ ఇచ్చి పోలేదు.
దాని పేరు మీద ఖాతా తెరిచే వీలుంటే
ఎర్రసిరాతో తెరిచేవాణ్ణి.

తల వంచుకునే చెప్పాను మిగతాది:
ముందు బ్యాంకు, తర్వాత గోనెసంచుల షావుకారు,
కరెంటు బిల్లు, హమాలీల కూలి,
మా ఆడిటు ఫీజు గూడా,
ఆ వెనకే మీరు.

ఓబులమ్మ కోప్పడుతుందనుకున్నా.
వేళ్ల కణుపుల మీద ఏదో ఎంచుకుని నవ్వింది.
"పెండ్లిలో ఇంటోళ్లు కడపంక్తిలో కూచున్నట్ట.
వచ్చినోళ్లు తినాల, వాయించినోళ్లు తినాల,
గుండిగలో మిగిలిందే మనకి."
అంతేనమ్మా అన్నాను.
సి.ఏ. ఇంటరు మూడుసార్లు తప్పినోణ్ణి,
ఏ పుస్తకమూ నాకిట్లా చెప్పలేదు.
"గుండిగ మనదేనా?"
మీదే.
"అడుగున మాడింది?"
అదీ మీదే.

ఈ ఏడు డివిడెండు లేదనే తీర్మానానికి చేతులు లేచాయి,
కొన్ని సగం దాకా.
ఫోలియో రెండువందల ఎనిమిది, తలారి పెద్దన్న,
మొన్న చైత్రంలో పోయాడు.
కూతురు శివలింగమ్మ వచ్చి సంతకం పెట్టింది.
మనిషి మారాడు, మొత్తం మారలేదు.
అట్టని రాసి, ఎందుకో కొట్టేశాను.

లెడ్జర్లు కట్టుకుంటుంటే ఓబులమ్మ మళ్లీ వచ్చింది.
"ఆ నలభై ఎనిమిది పైసలు గూడా రాసినావా?"
రాశానమ్మా.
"సూపిచ్చు."
చూపించాను.
కళ్లజోడు తేలేదు. పుస్తకాన్ని చేతులు చాచినంత దూరం పెట్టి
చాలాసేపు చూసింది.
"సరే, బస్సుకి పో.
తలకాయ దులుపుకో ముందు,
అంతా తొక్కలే."